జబ్బు సీసాలకు నేను పోసిన సీరం

సీసా కడగడం నేర్చుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. నవ్వకండి. జువాలజీతో బీఎస్సీ ఫస్టు క్లాసులో పాసై, టెక్నీషియన్ ఉద్యోగమని కొత్త చీర కట్టుకుని వెళ్ళినదాన్ని. మొదటి రోజే మా మేడమ్ నా చేతికి బ్రష్షు ఇచ్చి నీళ్ళ తొట్టి చూపించారు. గాజు మీద సబ్బు జాడ ఏమాత్రం మిగిలినా కణాలు సీసాకి అంటుకోవు. అంటుకోకపోతే బతకవు. అందుకని కుళాయి నీళ్ళతో ఇన్నిసార్లు, డిస్టిల్డ్ వాటర్‌తో ఇన్నిసార్లు అని మనసులో అనుకుంటూ కడగాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే వరస తప్పి మళ్ళీ మొదటినుంచి. ఇప్పుడు మీకు ప్లాస్టిక్ సీసాలు సంచుల్లో వస్తాయి, వాడి పారేస్తారు. మంచిదే. మీ నడుములు బాగుంటాయి.

ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం నా అనుభవాలు రాయమని అడిగారు. సాధించినవి రాయమన్నారు. సాధించినవి రాస్తే అర పేజీలో అయిపోతుంది. అందుకని ఒక తప్పు గురించి రాస్తాను. నేను చేసిన తప్పు. దాన్ని భరించిన మనుషుల గురించి కూడా. పేర్లు రాయను. కొందరు ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ళకి ఇష్టమో కాదో నాకు తెలియదు.

ఎనభైల మొదటి సంవత్సరాలవి. గాజువాక అవతల ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నారు, ఉక్కునగరంలో క్వార్టర్లు లేస్తున్నాయి, ఊళ్ళో ఎవర్ని కదిపినా ఆ ఉద్యోగాల మాటే. మా ల్యాబు మాత్రం పాత భవనంలో, మేడ మీద, రెండు గదులు. పోర్టు వైపు కిటికీ తెరిస్తే ఇనుప ఖనిజం దుమ్ము ఎర్రగా వచ్చి బల్ల మీద పరుచుకునేది. అందుకని కిటికీ ఎప్పుడూ మూసే ఉండేది. మేం ముగ్గురం ఉండేవాళ్ళం. మేడమ్, ఆవిడ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడు, నేను.

మేడమ్‌ది తెనాలి వైపు. విదేశంలో కొన్నాళ్ళు చదివి, అక్కడే ఉండమన్నా ఉండకుండా వచ్చేశారట. ఎందుకొచ్చారని ఒకసారి అడిగితే, "అక్కడ నేను లేకపోయినా పని జరుగుతుంది" అన్నారు. అంతకంటే ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

కుర్రాడిది జాలరిపేట. తండ్రి తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు, తల్లి గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి చేపలు అమ్మేది. వాళ్ళ వీధిలో కాలేజీ గుమ్మం ఎక్కిన మొదటివాడు అతనే. నన్ను అప్పా అని పిలిచేవాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. నాది చోడవరం దగ్గర చెరకు పండించుకునే కుటుంబం. తమ్ముళ్ళున్నారు గాని ఆ పిలుపులో ఇంత చనువు వాళ్ళ దగ్గర కూడా లేదు.

మా పనికి మూలం కళ్ళకలక. ఒక వానాకాలం అది జాలరిపేట మొత్తాన్ని పట్టుకుంది. కళ్ళు ఎర్రబడి, పుసులు కట్టి, నీళ్ళ మీది ఎండ మెరుపు చూడలేక మగవాళ్ళు వేట మానుకున్నారు. కుర్రాడు దూదిపుల్లలు పట్టుకుని సొంత వీధిలోనే ఇల్లిల్లూ తిరిగి అందరి కళ్ళనుంచీ నమూనాలు తెచ్చాడు. వాళ్ళమ్మ కంటినుంచి తెచ్చినదాంట్లో వైరస్ అన్నిటికంటే బాగా పెరిగింది. అడినోవైరస్ అని తేలింది. సీసా మీద చీటీ అంటించమంటే వాడు 'అమ్మ' అని రాశాడు. మేడమ్ చూసి, చీటీ మార్చమనలేదు.

వైరస్‌ని పెంచాలంటే మనిషి కణాలు కావాలి. అవి కాన్పుల వార్డునుంచి తెచ్చుకునేవాళ్ళం. బిడ్డ పుట్టాక మాయ పడుతుంది కదా, దాని మీద పల్చటి పొర ఉంటుంది. ఆ పొరలోంచి కణాలు విడదీసి సీసాల్లో పెంచుతాం. ప్రతి తల్లినీ నేనే అడిగేదాన్ని. మాయని పాతిపెట్టాలని పట్టుబట్టేవాళ్ళకి పొర ఒక్కటే తీసుకుని మిగతాది తిరిగి ఇచ్చేదాన్ని. "ఏటి సేసుకుంటావమ్మా ఇది?" అని అడిగితే, కళ్ళకలక ఎలా వస్తుందో చూడ్డానికి అనేదాన్ని. చాలామంది సరే అనేవారు. ఆ తల్లుల్లో ఒక్కరి మొహం కూడా నాకిప్పుడు గుర్తులేదు. వాళ్ళు ఇచ్చినదాని మీదే మా పని అంతా నడిచింది.

మేడమ్ ఏం వెతుకుతున్నారో నాకు చాలాకాలం తెలియలేదు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ముగ్గురం స్టూళ్ళ మీద కూర్చుని విసనకర్రలు ఊపుకుంటుంటే అడిగాను. ఆవిడ విసనకర్ర పక్కన పెట్టి చెప్పారు.

"కణం తనంతట తను పెరగదు. పెరుగు అని బయటనుంచి కబురు రావాలి. ఆ కబురు మోసేవి పశువుల నెత్తురునుంచి తీసే సీరంలో ఉంటాయి. కణం పొర మీద దాన్ని అందుకునే అణువులున్నాయి. అవి లోపల ఇంకోదానికి అందిస్తాయి, అది మరోదానికి. అలా చేతులు మారి కేంద్రకం దాకా వెళ్తే, అక్కడ నిద్రపోతున్న జన్యువు లేస్తుంది. కణం పనిలో పడుతుంది."

"మరి వైరస్?"

"వైరస్‌కి సొంతంగా ఏమీ లేదు. కణం పనిలో ఉంటేనే దాని పని జరుగుతుంది. కణం నిద్రపోతుంటే లేపాలి. అందుకని లోపలికి రాగానే ముందు ఒక ప్రొటీన్ తయారుచేయిస్తుంది. పిల్లల్ని పెట్టడం తర్వాత. ఆ ప్రొటీన్ వెళ్ళి కబురు నడిచే దారిలో దూరుతుందని నా అనుమానం. ఎవరూ పంపని కబురు వచ్చినట్టు కణాన్ని నమ్మిస్తుంది."

కుర్రాడు అన్నాడు, "మా పేటలో ఎవడో మైకు లాక్కుని 'తెప్పలు దించండ్రా' అని అరిసినట్టు. పెద్దలే సెప్పేరనుకుని అందరూ దిగిపోతారు."

మేడమ్ నవ్వారు. "అనుమానం అన్నాను. చూపించాలి."

ఆ దారిలో ఏ అణువు తర్వాత ఏ అణువు ఉందో అప్పటికి ప్రపంచంలో ఎవరికీ పూర్తిగా తెలియదు. మేం చూడగలిగింది చివర మాత్రమే. జన్యువు లేస్తే కణంలో ఒక ఎంజైము పెరుగుతుంది. దాన్ని కొలిస్తే జన్యువు లేచిందో లేదో తెలుస్తుంది.

పద్ధతి కష్టమైంది కాదు. కణాలు తినే ద్రవాన్ని మీడియం అంటాం. ఫ్రిజ్‌లో రెండు రకాలుండేవి. ఒకటి సీరం బాగా కలిపిన పూర్తి మీడియం. రెండోది సీరం దాదాపు లేని పస్తు మీడియం. కణాల్ని రెండు రోజులు పస్తు మీడియంలో ఉంచితే నిద్రలోకి జారుకుంటాయి. అప్పుడు సగం సీసాలకి వైరస్ పెట్టాలి, సగానికి పెట్టకూడదు. గంట తర్వాత ఆ ద్రవం తీసేసి, రెండు గుంపులకీ మళ్ళీ పస్తు మీడియమే పోయాలి. మర్నాడు ఎంజైము కొలవాలి. వైరస్ పెట్టడం, కొలవడం కుర్రాడి పని. మీడియం మార్చడం నా పని.

మొదటిసారి వైరస్ పెట్టిన సీసాల్లో కణాలు కొలిచేలోపే సీసా గోడ వదిలి రాలిపోయాయి. మూడు వారాల శ్రమ. కుర్రాడు సూక్ష్మదర్శిని ముందునుంచి లేచి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నాకు ప్రాణం ఉసూరుమంది.

రెండోసారి వైరస్ పెట్టిన గంటకి చూస్తే కణాలు మళ్ళీ కొంచెం గుండ్రంగా ముడుచుకుంటున్నట్టు అనిపించింది. అంతకుముందు నేను ఆసుపత్రి నమూనాల పని చేసేదాన్ని. అక్కడ జబ్బుపడ్డ సీసాలకి మంచి మీడియం పోసి నిలబెట్టుకోవడం అలవాటు. జ్వరం వచ్చిన పిల్లకి జావ పోసినట్టే. చెయ్యి దానంతటదే పూర్తి మీడియం వైపు వెళ్ళింది. వైరస్ పెట్టిన సీసాలకి అదే పోశాను. బాగున్న సీసాలకి ఎందుకు, సీరం బొంబాయినుంచి ఐసు పెట్టెలో రైల్లో రావాలి, దండగ అనుకుని పస్తు మీడియం పోశాను. నోటుపుస్తకంలో రాయలేదు. రాయవలసిన సంగతని కూడా తోచలేదు.

ఈసారి కణాలు నిలబడ్డాయి. ఎంజైము కొలిస్తే వైరస్ ఉన్న సీసాల్లో మూడింతలు.

మేడమ్ నమ్మకుండా ఇంకో రెండుసార్లు చేయించారు. మూడుసార్లూ నేనే పోశాను. మూడుసార్లూ అలాగే పోశాను. తప్పు కూడా పద్ధతిగా చేస్తే శాస్త్రంలాగే కనిపిస్తుందని నాకు అప్పుడు తెలియదు.

ల్యాబు మారిపోయింది. కుర్రాడు మెట్లు రెండేసి ఎక్కేవాడు. ఢిల్లీలో జరిగే సమావేశంలో చదవడానికి మా వ్యాసాన్ని ఒప్పుకున్నారు. మేడమ్ మొట్టమొదటిసారి హోటల్‌నుంచి పెసరట్లు తెప్పించారు. ఈ ఫలితాన్ని బట్టే ప్రాజెక్టును ఇంకో మూడేళ్ళు పొడిగిస్తారో లేదో తేలుతుంది. కుర్రాడి థీసిస్‌లో అసలు అధ్యాయం ఇదే.

ప్రయాణానికి వారం ముందు మేడమ్ నన్ను పిలిచి, "మీడియం ఎప్పుడెప్పుడు, ఏది మార్చావో వరసగా ఒక కాగితం మీద రాసివ్వు. పోసింది నువ్వు కదా, నీ మాటల్లో రాస్తేనే తప్పుల్లేకుండా ఉంటుంది" అన్నారు.

కూర్చుని రాశాను. రెండు రోజులు పస్తు మీడియం. వైరస్. ఒక గంట. తర్వాత రెండు గుంపులకీ... అక్కడ ఆగాను. మేడమ్ చెప్పిన మాట గుర్తొచ్చింది. పెరుగు అనే కబురు సీరంలోనే ఉంటుంది. జన్యువుని లేపింది వైరసో, నేను పోసిన సీరమో ఇక ఎవరికీ తెలియదు.

ఇక్కడ మీకు నిజం చెప్పాలి. ఆగిన పెన్ను మళ్ళీ కదిలింది. 'రెండు గుంపులకీ ఒకే పస్తు మీడియం' అని రాసి, సంతకం పెట్టి ఇచ్చేశాను.

మొదటి రోజు అది చిన్న సంగతే అని నాకు నేను చెప్పుకున్నాను. రెండో రోజు కుర్రాడి తల్లి గంపతో మా భవనం కిందికొచ్చి నన్ను పిలిపించింది. బాదం ఆకుల్లో చుట్టిన చందువాలు చేతిలో పెట్టింది.

"ఢిల్లీ ఎల్లే కాయితంలో నీ పేరు కూడా రాయించినాడంట గదమ్మా మావోడు. 'మా అప్ప లేకపోతే ఆ సీసాలు బతికేవి కావే' అన్నాడు. నాకేటి తెలుస్తాది. ఇంటికాడ వండుకో."

ఆ చేపలు ఇంట్లో వండాను. నేను తినలేకపోయాను.

మూడో రోజు పొద్దున్న మా ఆయన డ్యూటీకి తయారవుతున్నాడు. పోర్టులో క్రేన్ డ్రైవరు. క్యారేజీ కట్టి ఇస్తూ మొత్తం చెప్పేశాను. వైరస్ గురించి, జన్యువు గురించి ఆయనకి ఏం అర్థమైందో తెలియదు. క్యారేజీ కింద పెట్టి కూర్చున్నాడు.

"ఓపాలి మా క్రేను తాడులో పోగొకటి తెగింది. సూసింది నానొక్కణ్నే. సెప్తే పని ఆగిపోద్ది, ఫోర్‌మన్ తిడతాడు. సెప్పకపోతే ఆ పూట ఏటీ అవదు. రేపో ఎల్లుండో ఇంకోడెవడో ఆ బరువు కింద నిలబడతాడు." చెప్పులు వేసుకుంటూ అన్నాడు, "మీ కాయితం సదివి ఎవుడో దాని కింద నిలబడతాడు గదా. ఎల్లి సెప్పీ."

మేడమ్ గదిలో ఒక్కరే ఉన్నారు. ట్రేసింగ్ కాగితం మీద గ్రాఫు గీస్తున్నారు. ల్యాబులో నేను పుస్తకాల తెలుగు మాట్లాడ్డానికి తంటాలు పడేదాన్ని. ఆ రోజు నోరు తెరిస్తే ఊరి మాటే వచ్చింది.

"మేడమ్, నాను తప్పు సేసినాను."

ఆవిడ పెన్సిలు కింద పెట్టారు. నేను మొత్తం చెప్పాను. అయ్యాక రెండే ప్రశ్నలు అడిగారు.

"వైరస్ పెట్టిన సీసాలన్నిటికీనా?"

"అవునండి."

"మూడుసార్లూ?"

"మూడుసార్లూ అండి."

సొరుగులోంచి నేను రాసిచ్చిన కాగితం తీశారు. నేను అందుకుని చింపబోయాను. "చింపకు" అన్నారు. "ఆ వాక్యం మీద ఒక్క గీత కొట్టు. కింద నిజం రాయి, ఇవాళ్టి తేదీ వెయ్యి. కొట్టేసింది కూడా కనబడాలి."

రాశాను. ఉద్యోగం మానేస్తానని కూడా అన్నాను. ఆవిడ ఆ మాటకి మొదటిసారి విసుక్కున్నారు.

"నువ్వు పోతే ఏ సీసాకి ఏం పోశారో తెలిసిన మనిషి ఈ ల్యాబులో ఉండదు. రేపు తొమ్మిదింటికి రా."

గొడుగు తీసుకుని టెలిగ్రాఫ్ ఆఫీసుకి ఆవిడే నడిచి వెళ్ళారు. వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నామని టెలిగ్రాం ఇచ్చారు. ప్రాజెక్టు ఇచ్చినవాళ్ళకి ఉత్తరం కూడా రాశారు. అందులో 'మా ల్యాబులో పొరపాటు జరిగింది' అని ఉంది. టెక్నీషియన్ అన్న మాట ఎక్కడా లేదు. ఆ ఉత్తరం టైపు చేసింది నేనే, అందుకే తెలుసు.

కుర్రాడు అరవలేదు. అరిచినా బాగుండేది. మేడమ్ చెప్పింది విని, సీసాల గదిలోకి వెళ్ళి, 'అమ్మ' అని రాసి ఉన్న సీసాని వెనక్కి నెట్టి, తలుపు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. మర్నాటినుంచి నన్ను అప్పా అనడం మానేశాడు. ఏవండీ అనేవాడు. 'ఏవండీ, ఆ పిపెట్ ఇలా ఇవ్వండి.' ఎంత మర్యాదగా అన్నాడో అంత గుచ్చుకునేది.

వాళ్ళమ్మ దగ్గరికి నేనే వెళ్ళాను. ఆమె గంప దించి మా వీధి మొదట్లో కూర్చుని ఉంది. నావల్ల నీ కొడుకు చదువు ఏడాదైనా వెనక్కి పోయిందని చెప్పాను. ఆమె చేపల మీద గోనెపట్టా తడిపి కప్పుతూ విన్నది.

"కోపంగానే ఉన్నాడు. కూడు కూడా సరిగ్గా తినట్లేదు" అంది. తర్వాత తల ఎత్తి నన్ను చూసింది. "కుళ్ళిన సేప ఓపాలి అమ్మీసినాననుకో. ఆ పూట డబ్బులొస్తాయి. ఆ ఇంటికి మరి ఎల్లలేను గదా. నువ్వు ముందే సెప్పీసినావు. మావోడికి ఇయ్యాల తెలీదు. తెలుస్తాది."

ఆ మాట పట్టుకుని నేను చాలా రోజులు పనికి వెళ్ళాను.

మేడమ్ ప్రయోగాన్ని మళ్ళీ మొదటినుంచి రాశారు. పస్తులో కణాలు రాలిపోకుండా వైరస్ మోతాదు తగ్గించారు. ఈసారి రెండు గుంపులు కాదు, నాలుగు. ఏమీ లేనివి. వైరస్ మాత్రమే. సీరం మాత్రమే. వైరస్, సీరం రెండూ. నాలుగో గుంపు చూసి నేను తల దించుకున్నాను. అది అచ్చంగా నా తప్పే. ఆవిడ గమనించి అన్నారు, "సిగ్గుపడాల్సిందేం లేదు. పొరపాటున చేసినదాన్ని ఇప్పుడు తెలిసి చేస్తున్నాం. తేడా అంతే." నోటుపుస్తకంలో ప్రతి సీసాకీ ఒక గడి గీశారు. నేను పోయగానే గడిలో నా పొడి అక్షరాలు, చూసినట్టు కుర్రాడి పొడి అక్షరాలు. మాటలు లేకపోయినా ఆ గడుల్లో మేమిద్దరం పక్కపక్కనే ఉండేవాళ్ళం.

నాలుగు గుంపులతో మొదటిసారి చేస్తే, వైరస్ మాత్రమే ఉన్న గుంపులో ఎంజైము ఏమీ పెరగలేదు. ఏమీ అంటే ఏమీ లేదు. అంటే అంతకుముందు చూసిందంతా సీరమే అన్నమాట. మేడమ్ అనుమానమే తప్పు. కుర్రాడు ఆ అంకెలు రాసి పుస్తకం మూసేశాడు. కుర్రాడు స్టీల్ ప్లాంటులో కెమిస్టు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడని బయటివాళ్ళ ద్వారా తెలిసింది.

అయితే ఆ ప్రయోగం రోజుల్లో సెలవులొచ్చాయి, మేం లేని పూట కరెంటు చాలాసేపు పోయింది. కణాలుంచే వెచ్చటి పెట్టె చల్లబడి ఉండాలి. 'ఏమీ లేని' గుంపు కూడా ఎప్పటికంటే నీరసంగా ఉందని పట్టుకుంది కుర్రాడే. "ఇది లెక్కలోకి తీసుకోకూడదండి" అని మేడమ్‌తో వాదించాడు. ఆవిడ సులువుగా ఒప్పుకోలేదు. "నచ్చని ఫలితం కాబట్టి పారేస్తావా?" అని నిలదీశారు. చివరికి దాన్ని పారేయకుండా, జరిగింది జరిగినట్టు పుస్తకంలో రాసి, ఇంకోసారి చెయ్యడానికి ఒప్పుకున్నారు.

కొత్త మాయ దొరకడానికి పది రోజులు పట్టింది. ఈసారి కరెంటు పోతే వేడినీళ్ళ సీసాలు పెట్టెలో పెట్టడానికి నేనూ, కుర్రాడూ వంతులవారీగా కాపలా కాశాం. ఆఖరి రోజు మధ్యాహ్నం వాడు కొలుస్తున్నాడు, నేను పక్కన అంకెలు రాస్తున్నాను. ఏమీ లేని గుంపు, మామూలే. సీరం మాత్రమే, దాదాపు మూడింతలు. రెండూ ఉన్నవి, మూడింతలు. వైరస్ మాత్రమే ఉన్న సీసా ఆఖరున పెట్టాడు. పరికరం వైపు చూసి కదలకుండా ఉండిపోయాడు.

"ఎంత?" అన్నాను.

"రెండింతలు దాటింది అప్పా."

వాడు ఆ పిలుపు గమనించలేదు. నేను అంకె రాయడం మర్చిపోయాను. "రాయి అప్పా, ఏటి సూస్తన్నావ్" అన్నాడు. రాశాను. ఆ పుస్తకంలో ఆ అంకె కొంచెం వంకరగా ఉంటుంది.

మేడమ్ ఆ నాలుగు అంకెల ముందు చాలాసేపు కూర్చున్నారు. ఆవిడ చూపు మా ఇద్దరికీ తట్టని చోట ఆగింది. నాలుగో గుంపు మీద. వైరస్ విడిగా లేపుతోంది. సీరం విడిగా లేపుతోంది. రెండూ కలిపితే ఇంకా పెరగాలి కదా, ఎందుకు పెరగలేదు?

"రెండు వేరువేరు దారుల్లో వెళ్తుంటే రెండింటి పనీ కలవాలి" అన్నారు. "కలవలేదంటే, బహుశా దారి ఒకటే. సీరం నడిచే దారిలోనే వైరస్ ప్రొటీన్ దూరుతోంది."

"ఖాయమా మేడమ్?" అన్నాడు కుర్రాడు.

"బహుశా అన్నాను కదా. జన్యువు అంతకంటే ఎక్కువ పనిచేయలేదేమో కూడా. థీసిస్‌లో బహుశా అనే రాయి."

ఆ నాలుగో గుంపు నా పొరపాటులోంచి పుట్టింది. అలాగని తప్పులు మంచివని మీకు చెప్పడం లేదు. నేను మొదటే సరిగ్గా పోసి ఉంటే వాడి చదువు ఏడాదిన్నర ముందే అయ్యేది. మేం తడుముకుంటున్న ఆ రోజుల్లోనే బయటి దేశాల పెద్ద ల్యాబులు ఆ వైరస్ ప్రొటీన్లనే విడదీసి, ఏది ఏ జన్యువుని లేపుతుందో చూపించేశాయి. మా వ్యాసం ఒక చిన్న పత్రికలో వచ్చింది. ఎంతమంది చదివారో తెలియదు. ప్రాజెక్టుని మూడేళ్ళు కాదు, ఒక్క ఏడాది పొడిగించారు. అది కూడా మేడమ్ రాసిన ఆ ఉత్తరం చూసే పొడిగించారని తర్వాత ఎవరో చెప్పారు. స్టీల్ ప్లాంటు నుంచి ఇంటర్వ్యూ కాగితం వస్తే కుర్రాడు వెళ్ళలేదు.

థీసిస్ పరీక్ష రోజు వచ్చింది. బయటనుంచి ఒక పెద్దాయన పరీక్షకుడిగా వచ్చారు. తెలుగువారే. తెల్లటి జుట్టు, ఖద్దరు చొక్కా, ఆ రంగంలో అందరూ గౌరవించే మనిషి. గదిలో మేడమ్, ఇంకో ఇద్దరు ప్రొఫెసర్లు, వెనక బెంచీల మీద కొందరు విద్యార్థులు. వాళ్ళమ్మ కూడా ఉతికిన చీర కట్టుకుని వచ్చి తలుపు పక్కన నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. నేను ఆమె పక్కనే నిలబడ్డాను.

గంటసేపు ఇంగ్లీషులో ప్రశ్నలు నడిచాయి. తర్వాత ఆయన థీసిస్‌లో ఒక పేజీ దగ్గర ఆగి, తెలుగులోకి వచ్చారు.

"ఈ నాలుగో గుంపు బాగుంది. మీ అధ్యాయానికి ప్రాణం ఇదే. ఈ ఆలోచన ఎవరిది, మీదా, మేడమ్‌గారిదా?"

కుర్రాడు నిలబడి చెప్పాడు. "ముందు అది ఆలోచన కాదండి, పొరపాటు. మా టెక్నీషియన్‌ది. ఆవిడే వచ్చి చెప్పారు. ఢిల్లీలో చదవబోతున్న వ్యాసాన్ని ఆపేశాం. ఆవిడ చెప్పకపోతే ఈ థీసిస్ మొత్తం తప్పు అయ్యేదండి." తలుపు వైపు చూపించాడు. "మా అప్ప. అక్కడున్నారు."

నన్ను లోపలికి పిలిచారు. పెద్దాయన నా వైపు తిరిగి, చాలా మెచ్చుకోలుగా, ఇలాంటి నిజాయితీ ఈ రోజుల్లో అరుదు అని, పిల్లలంతా మిమ్మల్ని చూసి నేర్చుకోవాలి అని అంటున్నారు. వెనక బెంచీల వాళ్ళు నన్నే చూస్తున్నారు. మేడమ్ బల్ల మీది కాగితాలు చూస్తున్నారు. ఆ పొగడ్త నేను పుచ్చుకోలేకపోయాను.

"అంత గొప్పేం లేదండి" అన్నాను. "చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. ముందు అబద్ధం రాసి సంతకం కూడా పెట్టాను. ఆ కాగితం మేడమ్ దగ్గర ఉంది. కావాలంటే చూడండి."

ఒక ప్రొఫెసరు కుర్చీలో కదిలారు. పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. నన్ను తిడతారేమో అనుకున్నాను.

"మూడు రోజులేనా అమ్మా" అన్నారు. గొంతు మెల్లగా ఉంది. "నాది ఒకటుంది. ముప్ఫై ఏళ్ళయింది. ఇంకా చెప్పలేదు."

ఏమిటని ఎవరూ అడగలేదు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, థీసిస్ చివరి పేజీ తిప్పి, సంతకం చేశారు. కుర్రాడు డాక్టరయ్యాడు. వాళ్ళమ్మకి ఆ సంగతి తెలుగులో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. చెప్పాక ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

సాయంత్రం పెద్దాయనని స్టేషన్‌కి పంపించి మేడమ్ తిరిగొచ్చారు. మేమిద్దరం ల్యాబులో మిగిలిన పని చేసుకున్నాం. నేను ఆయన గురించే ఆలోచిస్తున్నాను. అంత చదువు, అంత పేరు ఉన్న మనిషి. ధైర్యం లేక చెప్పలేదని నాకు అనిపించలేదు. నాకు మాత్రం ధైర్యం ఉండిందా ఏమిటి. ఆ మూడో రోజు పొద్దున్నే క్యారేజీ కింద పెట్టి కూర్చున్న మా ఆయన ఉన్నాడు. చింపకు అన్న మేడమ్ ఉన్నారు. చెప్పుకుంటే వినే మనుషులు ఆయనకి సమయానికి దొరకలేదు. నాకు దొరికారు.